ఎనిమిదింట ఏడు: 1976 ఫన్నీ కార్ సీజన్ వెనక లెక్క

1976లో అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ జరిపిన జాతీయ డ్రాగ్ రేసులు (రెండు కార్లు పక్కపక్కన తిన్నగా పావు మైలు పరుగెత్తే పోటీలు) ఎనిమిది. ఫన్నీ కార్ (బయటికి షోరూము కారులా కనిపించే రేసు కారు) విభాగంలో వాటిలో ఏడింటిని ఒకే కారు ఎగరేసుకుపోయింది. డాన్ ప్రూడోమ్ నడిపిన షెవర్లే మోంజా అది. ఒంటినిండా అమెరికా సైన్యం పేరు రాసుకుని తిరిగేది కాబట్టి దాన్ని ‘ఆర్మీ మోంజా’ అనేవారు. మిగిలిన ఆ ఒక్క రేసు ఇండియానాపోలిస్‌లో జరిగే యూఎస్ నేషనల్స్. అందులోనూ ఫైనల్ దాకా వెళ్ళి గ్యారీ బర్గిన్ చేతిలో ఓడింది. నాకౌట్ పద్ధతి కనుక లెక్క సులువు: ఏడాది మొత్తానికి జాతీయ రేసుల్లో ఓడిన రౌండు ఒక్కటంటే ఒక్కటి.

ఆ ముందటేడు ఎనిమిదింట ఆరు గెలిచారు. 1975 అక్టోబరులో కాలిఫోర్నియాలోని అంటారియో ట్రాక్ మీద (కెనడాలో ఉన్న అంటారియో రాష్ట్రం వేరు) ప్రూడోమ్ పావు మైలు దూరాన్ని 5.98 సెకన్లలో దాటాడు. ఆరు సెకన్లలోపు పోయిన మొదటి ఫన్నీ కార్ అదే. నిలబడ్డ చోటు నుంచి బయల్దేరి 402 మీటర్లు పోవడానికి అంతే సమయం పట్టింది. సగటు తీస్తేనే గంటకి 242 కిలోమీటర్లు. అందుకే ఈ రెండేళ్ళ గురించి చెప్పేవాళ్ళలో చాలామంది “అందరికన్నా జోరైన కారు, గెలిచింది” అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. జోరు నిజమే. కాకపోతే జోరుతో ఒక రేసు గెలవచ్చు, రెండు గెలవచ్చు. ఎనిమిదింట ఏడు రావడానికి వేరే గుణం కావాలి. అదేమిటో గుణకారం చేస్తే తెలుస్తుంది.

16 కార్లు క్వాలిఫై అయిన రేసులో కప్పు చేతికి రావాలంటే వరసగా నాలుగు రౌండ్లు గెలవాలి. ప్రతి పది రౌండ్లలో తొమ్మిది గెలిచే కారు ఉందనుకుందాం. వినడానికి అది భయంకరమైన కారు. కానీ 0.9ని నాలుగుసార్లు గుణిస్తే 0.656 వస్తుంది. అంటే ఎనిమిది రేసులకి ఐదు కప్పులు. పదింట ఎనిమిది గెలిచే కారుకైతే 0.41, అంటే మూడు కప్పులు. వెనక నుంచి లెక్కేస్తే, ఎనిమిదింట ఆరు రావాలంటే రౌండుకి 93 శాతం గెలవాలి. ఎనిమిదింట ఏడు రావాలంటే 96.7 శాతం. ఆరు నుంచి ఏడుకి ఒక్క మెట్టే కదా అనిపిస్తుంది. కానీ నూటికి ఏడు ఓటములున్న చోట మూడుకి దిగాలి. ఓడిపోవడానికున్న కారణాల్లో సగానికి పైగా ఒక్క శీతాకాలంలో మాయం చెయ్యాలన్నమాట.

పోలిక కోసం ఇంకో మహా సీజన్ చూడొచ్చు. 1996లో జాన్ ఫోర్స్ 19 రేసుల్లో 13 గెలిచాడు. ఫన్నీ కార్ చరిత్రలో అదీ పెద్ద ఘనతే. అదే గుణకారం దానికి వర్తింపజేస్తే రౌండుకి 91 శాతం వస్తుంది. ఎనిమిది రేసులంటే చిన్న నమూనా, అదృష్టానికి చోటెక్కువ అనే అభ్యంతరం న్యాయమైనదే. అయినా రెండేళ్ళు కలిపితే 16లో 13 ఉన్నాయి. అన్నిసార్లూ అదృష్టమే అనడం కష్టం.

రౌండు ఓడటానికి దారులు మూడే. అవతలి కారు నిజంగానే బాగా పోవడం ఒకటి. స్టార్టింగ్ లైన్ దగ్గర డ్రైవరు ఆలస్యం చేయడమో, తొందరపడి ఎర్రలైటు తెచ్చుకోవడమో రెండోది. సొంత కారే దెబ్బతీయడం మూడోది: సిలిండరు చావడం, టైరు పొగలెత్తడం, క్లచ్ కాలిపోవడం, మంట. మొదటిది మన చేతిలో లేదు. రెండోది డ్రైవరు చేతిలో ఉంది. నైట్రోమీథేన్ ఇంధనంతో నడిచే ఆ కాలపు ‘నైట్రో’ కార్లలో ఎక్కువ ఓటములు మూడో దారినే వచ్చేవి. ఆర్మీ మోంజా జట్టు ఆ మూడో దారిని మూసేసింది. ఈ వ్యాసం ఎక్కువగా దాని గురించే.

పేరే ఫన్నీ

1965 ప్రాంతంలో డాడ్జ్, ప్లిమత్ కార్ల చక్రాలను ముందుకి జరిపి రేసులకి దింపారు. బరువు వెనక చక్రాల మీద పడాలని అలా చేశారు. చూడ్డానికి వింతగా ఉండేసరికి ‘ఫన్నీ’ అన్న పేరు అంటుకుంది. 1966లో మెర్క్యురీ కామెట్ ఒకటి ఉక్కు గొట్టాల ఛాసీ మీద ఫైబర్ గ్లాస్ బాడీతో వచ్చింది. ఆ బాడీ వెనక కీలు మీద మూతలా పైకి లేచేది. అక్కణ్ణుంచి ఈనాటిదాకా నమూనా అదే. బయటికి షోరూము కారు పోలిక కనిపిస్తుంది, లోపల ఇంజను, దాని వెనక గొట్టాల పంజరంలో డ్రైవరు. ఇంజను ముందు, మనిషి వెనక అన్న ఈ అమరిక గుర్తుంచుకోవాలి. ఏది పగిలినా, ఏది చిందినా వచ్చేది అతని మొహం మీదికే.

ప్రూడోమ్‌కి ‘స్నేక్’ అని పేరు. అతని ప్రత్యర్థి టామ్ మెకెవెన్‌కి ‘మంగూస్’ అని పేరు పెట్టారు. పాముని కొట్టగలిగింది ముంగిసే కదా! పాములాడించేవాడి బుట్ట పక్కన కట్టేసిన ముంగిసని చూస్తూ పెరిగిన మనకి ఈ జోడీని ఎవరూ విప్పిచెప్పక్కర్లేదు. అమెరికన్లకి మాత్రం అది కొత్త సరుకు, బాగా అమ్ముడుపోయింది. 1970లో మాటెల్ కంపెనీ హాట్ వీల్స్ బొమ్మకార్ల పేరుతో ఇద్దరికీ డబ్బు పెట్టింది. డ్రాగ్ రేసింగ్‌లోకి ఆటో విడిభాగాల వ్యాపారంతో సంబంధం లేని పెద్ద కంపెనీ రావడం అప్పట్లో వింత. తరవాత 1974లో అమెరికా సైన్యం వచ్చింది. 1973లో నిర్బంధ సైనిక సేవ ఆగిపోయింది. కుర్రాళ్ళు ఇష్టపడి చేరాలంటే కుర్రాళ్ళు గుమిగూడే చోట బోర్డు పెట్టాలి. శనివారం రాత్రి డ్రాగ్ స్ట్రిప్‌ని మించిన చోటేముంది?

ఆ డబ్బు విలువ కారు రంగులో కనిపించదు, చెత్తబుట్టలో కనిపిస్తుంది. డబ్బులేని జట్టు కనెక్టింగ్ రాడ్‌ని విరిగాక మారుస్తుంది. డబ్బున్న జట్టు ఇన్ని రన్నులని లెక్క పెట్టుకుని, బాగున్న రాడ్‌నే తీసి పారేస్తుంది. పిస్టన్లు, బేరింగులు, క్లచ్ ప్లేట్లు అన్నిటికీ ఇదే సూత్రం. 93 నుంచి 97 శాతానికి వెళ్ళే దారిలో అన్నిటికన్నా ఖరీదైన అలవాటు ఇదే.

సెకనుకి ఎంత ద్రవం?

నైట్రోమీథేన్ అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది. అందుకే దానికి బయటిగాలి అవసరం తక్కువ. కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి, కిలో నైట్రోకి 1.7 కిలోలు చాలు. కిలోకి కిలో తూకం వేస్తే నైట్రోలో శక్తి పెట్రోలులో నాలుగో వంతే. కానీ ఇంజనుకి అసలు కరువు గాలి దగ్గర. ఒక కిలో గాలితో 68 గ్రాముల పెట్రోలు కాల్చగలిగితే, అదే గాలితో 588 గ్రాముల నైట్రో కాల్చొచ్చు. వచ్చే శక్తి రెండింతలకి పైమాటే.

ఈ వరానికి ఒక శాపం తోడుంది: ఇంజనులోకి వెళ్ళేది ఆవిరిలాంటిది కాదు, దాదాపు ద్రవమే. ఎనిమిది సిలిండర్లు, మొత్తం ఎనిమిది లీటర్లకి అటూ ఇటుగా ఉండే హెమీ ఇంజనుని తీసుకుందాం. సిలిండరుకి లీటరు. కంప్రెషన్ 7:1 అనుకుంటే పిస్టన్ పైకొచ్చాక మిగిలే చోటు 167 సీసీ. ఇంధనపు పంపు నిమిషానికి 80 లీటర్లు పోస్తుందనుకుంటే ఆరు సెకన్లలో 8 లీటర్లు, అంటే సిలిండరుకి సెకనుకి 167 సీసీ. రెండు అంకెలూ ఒకటే కావడం కాకతాళీయం, కానీ సంగతి బోధపడుతుంది. ప్లగ్గు చచ్చి నిప్పు రాకపోతే, బయటికి పోయేది పోగా మిగిలిన ఇంధనం లోపల నిలిచిపోతుంది. పిస్టన్ పైకొచ్చే వేళకి అక్కడ ఆవిరి బదులు ద్రవం ఉంటుంది. ద్రవం నొక్కుడుపడదు. అప్పుడు రాడ్ వంగుతుంది, లేదా హెడ్ లేస్తుంది, లేదా బ్లాకే చీలుతుంది. రేసు భాషలో దీన్ని ‘హైడ్రాలిక్ అయింది’ అంటారు.

ఇంజనులోకి గాలిని బలవంతంగా తోసే బ్లోవర్ సంగతి ఇంకోటి. దాని పేరులోని 6-71 అన్న అంకెలో గూఢార్థమేమీ లేదు. జీఎంసీ టూ స్ట్రోక్ డీజిల్ ఇంజన్లలో ఆరు సిలిండర్లు, సిలిండరుకి 71 ఘనపు అంగుళాలు ఉన్నదాని మీద కూర్చునే బ్లోవర్ అది. బస్సు, లారీ ఇంజన్లలో పొగని బయటికి తోసి మంచిగాలి నింపడానికి పెట్టిన పరికరాన్ని రేసువాళ్ళు ఊడదీసి తెచ్చుకున్నారు. దాన్ని తిప్పేది పళ్ళ బెల్టు. కింది పుల్లీకి 60 పళ్ళు, పైదానికి 46 ఉంటే బ్లోవర్ ఇంజనుకన్నా 30 శాతం ఎక్కువ తిరుగుతుంది. ఎండగా, గాలి పలచగా ఉన్నరోజు పై పుల్లీలో ఒక పన్ను తగ్గిస్తే కోల్పోయిన గాలిలో కొంత తిరిగొస్తుంది. ఇన్‌టేక్ వాల్వు సరిగ్గా మూసుకోక మంట వెనక్కి తన్నితే మాత్రం మ్యానిఫోల్డులో ఉన్న ఇంధనమంతా ఒక్కసారి అంటుకుని బ్లోవర్ ఆకాశానికి లేస్తుంది. అందుకే రౌండు రౌండుకీ వాల్వు క్లియరెన్స్ చూడ్డం.

రెండు రౌండ్ల నడుమ

కారుని తాడుతో లాక్కొచ్చి, బాడీ ఎత్తి కర్ర ఆనించగానే మొదట పనిపడేది ప్లగ్గులకి. ఎనిమిదీ తీసి సిలిండరు వరసలోనే పెట్టాలి. వరస తప్పితే ఆ ప్లగ్గులు చూసి చేసేదేం లేదు. తడిగా, నల్లగా ఉన్నది చచ్చిన సిలిండరు. కొస దగ్గరి లోహం కరిగి గుండ్రంగా తేలితే ఆ సిలిండరుకి ఇంధనం తక్కువైంది, లేదా టైమింగు (పిస్టన్ పైకి చేరడానికి ఎంత ముందు ప్లగ్గు నిప్పు ఇస్తుందన్నది) ఎక్కువైంది. ఎనిమిదింటిలో ఏడు ఒకలా ఉండి ఒకటి వేరుగా ఉంటే ఆ సిలిండరుకి ఇంధనం చిమ్మే నాజిల్ చూడాలి. ఎనిమిదీ ఒకేలా కాలి ఉంటే మొత్తం ట్యూనింగే సరిచెయ్యాలి. ఈ రెంటినీ కలగలిపి చూసిన మెకానిక్ ఒక సిలిండరు జబ్బుకి ఎనిమిదింటికీ మందు వేస్తాడు. తరవాతి రౌండులో కారు మందకొడిగా పోతుంది.

ప్లగ్గులు చెప్పనిది బేరింగులు చెబుతాయి. ఇంజనాయిలు వదిలితే నైట్రో కలిసి పాలిపోయిన బూడిదరంగులో జారుతుంది. అది ప్రతిసారీ ఉండేదే. అందులో తళుకులు కనిపిస్తే మాత్రం ఆగి చూడాలి. ఆయిల్ చాంబర్ విప్పి, రాడ్ క్యాపులు ఒక్కొక్కటే తీసి, బేరింగు పెంకుల్ని గుడ్డ మీద జతలుగా పేరుస్తారు. పై పెంకు మీద మెత్తటి లోహపు పూత ఉంటుంది. ఆ పూత నడిమిలో మెరుగెక్కి, అంచుల వైపు పిండినట్టు జరిగి ఉంటే ఆ సిలిండరులో పేలుడు మరీ ముందుగా జరిగిందని అర్థం. పిస్టన్ పైకి వస్తుండగానే పైనుంచి సుత్తిదెబ్బ పడిందన్నమాట. ఆ దెబ్బ చెవికి వినపడదు, స్టాప్‌వాచీలో కనపడదు. పైగా ఆ రన్ సమయం అదిరిపోయేలా ఉండొచ్చు. అక్కడే జట్టు తెలివి బయటపడుతుంది. అద్భుతమైన సమయం వచ్చిన రన్ తరవాత బేరింగులు చూసి టైమింగు ఒక డిగ్రీ వెనక్కి తీసేవాడు ఫైనల్‌కి ఉంటాడు. “ఇంత బాగా పోయిందిగా, ముట్టుకోవద్దు” అనేవాడు సెమీఫైనల్లో ట్రాక్ మీద నూనె పోసి వస్తాడు.

అల్యూమినియం రాడ్లకి ఇంకో గుణముంది. దెబ్బలకి అవి కురచవుతాయి. వెంట్రుకవాసి తేడాని కూడా కొలిచి రాసుకుంటారు. ఒకటే రాడ్ మిగతావాటికన్నా త్వరగా కురచవుతుంటే ఆ సిలిండరు ఎక్కువ బరువు మోస్తోందని తెలిసిపోతుంది. రాగి హెడ్ గాస్కెట్ మందం మార్చి కంప్రెషన్ సరిచేస్తారు. మందమైన గాస్కెట్ వేస్తే కంప్రెషన్ తగ్గుతుంది.

ఇంధనం కలిపే పని చూడ్డానికి వంటపనిలా ఉంటుంది. 90 శాతం కావాలంటే తొమ్మిది లీటర్ల నైట్రోకి ఒక లీటరు మెథనాల్. కానీ పొద్దున కలిపిన డబ్బా మధ్యాహ్నం ఎండలో వ్యాకోచిస్తుంది. హైడ్రోమీటర్ ముంచితే సాంద్రత తగ్గి, శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. ఉష్ణోగ్రత పట్టిక చూడకుండా ఆ అంకెని నమ్మి ఇంకాస్త నైట్రో పోస్తే అసలు శాతం మించిపోతుంది. ఇంజను పగలగొట్టడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. ఇంకో తికమక జెట్టు (ఇంధనాన్ని కొలిచి వదిలే చిల్లున్న ముక్క) దగ్గర ఉంది. మామూలు కార్బొరేటరులో జెట్టు పెద్దదైతే ఇంధనం పెరుగుతుంది. ఇక్కడ మెయిన్ జెట్ ఉండేది ట్యాంకుకి తిరిగిపోయే దారిలో. అది పెద్దదైతే వెనక్కి పోయేది ఎక్కువ, ఇంజనుకి అందేది తక్కువ. కొత్తగా చేరినవాళ్ళు చేసే మొదటి తప్పు దాదాపుగా ఇదే.

1976 క్యాలెండరు చూస్తే ఈ జెట్ల పెట్టె ఎంత తిరిగి ఉంటుందో ఊహించవచ్చు. ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని పొమోనా చలి, మార్చిలో ఫ్లోరిడా, జూన్‌లో కొలంబస్, జూలైలో న్యూజెర్సీ ఉక్క, కెనడాలోని సానేర్, సెప్టెంబరు మొదట్లో లేబర్ డే నాటి ఇండియానాపోలిస్, ఆ తరవాత సియాటిల్, అక్టోబరులో అంటారియో. ఎనిమిది చోట్ల ఎనిమిది రకాల గాలి. ఒకే ట్యూనింగుతో ఈ ఎనిమిదింటినీ గెలవడం ఎవరి తరమూ కాదు. ప్రూడోమ్ దగ్గర ఏళ్ళ తరబడి క్రూ చీఫ్‌గా (మెకానిక్‌ల పెద్దగా) ఉన్నవాడు బాబ్ బ్రాంట్. జట్టు ఇప్పటి జట్లతో పోలిస్తే గుప్పెడు మనుషులే. మనుషులు మారకపోవడం కూడా ఒక ఆస్తే. పోయిన ఏడు ఇదే ట్రాక్ మీద, ఇలాంటి ఎండలో ఏ జెట్టు వేశామో కాగితం చూడకముందే చెప్పగలిగేవాడు పక్కన ఉంటాడు.

దానికి తోడు జాతీయ రేసుల మధ్య ఊరూరా మ్యాచ్ రేసులు ఉండేవి. ట్రాక్ యజమాని ముందే డబ్బు మాట్లాడుకుని ఇద్దరు ముగ్గురు పేరున్నవాళ్ళని పిలిపించే పద్ధతి. బతుకుతెరువు అక్కడే. పెద్ద జట్లకి అవి ఇంకోలా కూడా పనికొచ్చాయి. డబ్బిచ్చి మరీ చేయించే టెస్టింగ్ అది. పాడు ట్రాకుల మీద, ఇసుక రాలే గీతల మీద క్లచ్‌ని ఎలా నడపాలో అక్కడ నేర్చుకున్నవాడికి జాతీయ రేసు ట్రాక్ నున్నటి రోడ్డులా ఉంటుంది.

అసలు గుట్టు క్లచ్‌లో

ఇంజను బలం గురించి అందరూ మాట్లాడతారు. ఆ బలాన్ని నేలకి చేర్చే వస్తువు గురించి ఎవరూ మాట్లాడరు. పెడల్ వదిలాక డ్రైవరుకి క్లచ్‌తో పనిలేదు. వేగం పెరిగేకొద్దీ క్లచ్ లోపలి లివర్ల చివరి బరువులు అపకేంద్ర బలంతో బయటికి జరిగి ప్లేట్లని నొక్కుతాయి. మొదటి అరసెకనులో ప్లేట్లు జారాలి. తరవాత క్రమంగా పట్టుకోవాలి. పట్టు త్వరగా బిగిస్తే గాట్లులేని స్లిక్ టైర్లు అక్కడే తిరిగి పొగలెత్తుతాయి. ఆలస్యంగా బిగిస్తే కారు నీరసంగా బయల్దేరి, ప్లేట్లు ఎర్రగా కాలి వంకరపోతాయి. ఈ రెండింటి నడుమ ఉన్న సందు లివరుకి కొద్ది గ్రాముల బరువంత. ఒక వాషరు తీయడమా, ఉంచడమా అన్నదే రౌండు ఫలితాన్ని తేలుస్తుంది.

ప్రతి రన్‌కీ ప్లేట్లు అరుగుతాయి. అరిగిన మేర లివర్లు ఇంకాస్త దూరం జరగాలి. అంటే బరువులు ముట్టుకోకపోయినా క్లచ్ మారిపోయినట్టే. అందుకని విప్పిన ప్రతిసారీ ప్లేటు మందం మైక్రోమీటర్‌తో కొలిచి, నీలిరంగు తిరిగిన ప్లేటు పక్కన పడేసి, ఫిల్లర్ గేజీతో సందు మళ్ళీ సరిచేస్తారు. బర్నౌట్ కూడా ఇందులో భాగమే. నీళ్ళ మడుగులో టైరు తిప్పి వేడెక్కించేటప్పుడు క్లచ్ కూడా వేడెక్కుతుంది. జనం కేకలకి మురిసి ఒక రౌండులో పొడుగ్గా, మరో రౌండులో పొట్టిగా బర్నౌట్ చేసే డ్రైవరు తెలియకుండానే రెండు వేర్వేరు క్లచ్‌లతో రేసు చేస్తున్నాడు. ప్రతిసారీ ఒకే దూరం, ఒకే ఆర్పీఎం, ఒకే చోట ఆగడం చూసేవాళ్ళకి విసుగు, జట్టుకి వరం.

క్లచ్ తిరగబడితే ఏమవుతుందో ప్రూడోమ్ కళ్ళారా చూశాడు. 1970 యూఎస్ నేషనల్స్ టాప్ ఫ్యూయల్ (షోరూము బాడీ లేని, పొడుగాటి నైట్రో కార్ల విభాగం) ఫైనల్లో గీత దాటే చోట పక్క లేనులోని జిమ్ నికోల్ కారు క్లచ్ పేలి, కారు రెండు ముక్కలైంది. నికోల్ బతికి బయటపడ్డాడు. గెలిచినా ప్రూడోమ్ ఆ రోజు వణికిపోయాడు.

ఫన్నీ కార్లో ఆ భయానికి మంట కూడా తోడు. పిస్టన్ చిల్లుపడితే నూనె వేడి గొట్టాల మీదికి చిమ్మి భగ్గుమంటుంది. ఫైబర్ బాడీ ఆ మంటకి మూతేసినట్టుంటుంది, ఆ మూత కిందే డ్రైవరు. మంటల్ని ఆర్పే సిలిండర్లు, మంటకి తట్టుకునే నోమెక్స్ సూటు కొన్ని క్షణాలు కొనిపెడతాయి, అంతే. ఒక్క మంటతో బాడీ పోతుంది, వైర్లు పోతాయి, తరవాతి రెండు మూడు రేసులు పోతాయి. ఎనిమిది రేసుల సీజన్లో అది టైటిల్‌నే తినేస్తుంది. బేరింగు పెంకు చూసి ఒక డిగ్రీ వెనక్కి తియ్యడానికి ఇది మరో కారణం.

ఇప్పటి పాత కార్లు

ఇప్పటి ఎన్‌హెచ్‌ఆర్‌ఏ ఫన్నీ కార్లకి రెండు మాగ్నెటోలు (ప్లగ్గులకి నిప్పు అందించే పరికరాలు), సిలిండరుకి రెండు ప్లగ్గులు, పెద్ద 14-71 బ్లోవర్ ఉంటాయి. 2008లో ఫన్నీ కార్ డ్రైవరు స్కాట్ కలిటా మరణం తరవాత పరుగు దూరాన్ని 1000 అడుగులకి కుదించారు. పాత రుచి కావాలన్నవాళ్ళ కోసం నోస్టాల్జియా ఫన్నీ కార్ తరగతి ఉంది. 1970ల కార్ల రూపంలోని బాడీలు, చిన్న 6-71 బ్లోవర్, ఒకటే మాగ్నెటో, పంపు మీద పరిమితి, పావు మైలు పూర్తి దూరం. 1959 నుంచి పేరున్న మార్చ్ మీట్ రేసు జరిగే, కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ దగ్గరి ఫమోసో ట్రాక్ వీటికి పుట్టింటిలాంటిది. సమయాలు ఐదున్నర సెకన్ల దరిదాపుల్లో ఉంటాయి. అంటే పాత కొలతల బ్లోవర్‌తోనే 1975 నాటి 5.98 కన్నా దాదాపు అరసెకను తగ్గించేశారు. క్లచ్, టైరు, ట్రాక్ మెరుగుపడ్డ ఫలితమిది.

పంపు, బ్లోవర్, మాగ్నెటో అందరికీ ఒకటే అయినప్పుడు ఎవరి ఇంజనూ మరీ మించిపోదు. అప్పుడు సీజన్‌ని ఏలేది ఎవరంటే, నాలుగో రౌండులో కూడా మొదటి రౌండు కారుని తెచ్చి నిలబెట్టగలిగినవాళ్ళు. ఈ తరగతిలోకి కొత్తగా దిగేవాళ్ళు ఇంకో మంచి బ్లోవర్ కోసం ఎగబడతారు. అదే డబ్బుకి మూడు సెట్ల క్లచ్ ప్లేట్లు, సరిపడా బేరింగులు, కొలిచి జతకట్టిన రాడ్లు కొంటే ఎక్కువ రౌండ్లు గెలుస్తారు. రన్ పుస్తకంలో సమయం, వేగం రాస్తే చాలదు. గాలి ఉష్ణోగ్రత, తేమ, ట్రాక్ ఉష్ణోగ్రత, నైట్రో శాతం, జెట్టు, పుల్లీ పళ్ళు, టైమింగు, లివరు బరువు, రన్‌కి ముందూ తరవాతా ప్లేటు మందం, ఎనిమిది బేరింగుల స్థితి, టైరు గాలి రాయాలి. వీటిలో ఒక్కటి రాయకపోయినా, మళ్ళీ అలాంటి రోజొచ్చినప్పుడు పాత పేజీ అక్కరకి రాదు. ఒక రౌండుకీ మరో రౌండుకీ మధ్య ఒకటే మార్పు చెయ్యాలన్నది ఇంకో నియమం. జెట్టూ మార్చి, క్లచ్ బరువూ మార్చి గెలిస్తే, ఎందుకు గెలిచారో తెలియదు.

ఇక 1976లో ఓడిన ఆ ఒక్క రౌండు. యూఎస్ నేషనల్స్ అన్నిటికన్నా పెద్ద రేసు. దేశంలోని కార్లన్నీ అక్కడే దిగుతాయి. రోజుల తరబడి సాగుతుంది. వేసవి చివరి ఉక్క సరేసరి. 1975లోనూ ప్రూడోమ్ అక్కడ ఫైనల్లోనే ఓడాడు, రేమండ్ బీడిల్ చేతిలో. వరసగా రెండేళ్ళు అదే చోట, అదే మెట్టు మీద. దీన్ని శాపమనీ, ఇండియానాపోలిస్ అతనికి అచ్చిరాలేదనీ అనుకోవచ్చు. కానీ 1965, 1969, 1970లలో టాప్ ఫ్యూయల్‌తో, 1973, 1974లలో ఫన్నీ కార్‌తో అదే రేసు గెలిచినవాడికి అచ్చిరాకపోవడమేమిటి? పైన వేసిన లెక్కే దీనికి జవాబు. రౌండుకి 96.7 శాతం గెలిచే కారు 32 రౌండ్లు పరుగెడితే సగటున ఒకటి ఓడుతుంది. ఆ ఒకటి పొమోనాలో మొదటి రౌండులో పడి ఉంటే ఎవరికీ గుర్తుండేది కాదు. అది ఇండియానాపోలిస్ ఫైనల్లో పడింది.

1977లో ప్రూడోమ్ యూఎస్ నేషనల్స్ గెలిచాడు. ఆ ఏడూ, 1978లోనూ టైటిల్ అతనిదే, మొత్తం వరసగా నాలుగు. 1979లో అది బీడిల్ ‘బ్లూ మ్యాక్స్’ జట్టుకి పోయి 1981 దాకా అక్కడే ఉంది.